టేపు తిరిగిన చప్పుడు

“టేపులో ఏమీ లేదన్నా.”

గోపినాథ్ ఆ మాట మెల్లగానే అన్నాడు. అయినా గుణశేఖర్ ఉలిక్కిపడి తెర మీదికి వంగాడు.

“సరిగ్గా చూడప్పా. నాయన పోయినప్పట్నుంచి నేను చేసిన పనంతా దాంట్లోనే ఉండాది.”

గుడియాత్తంలో లుంగీలకు గళ్ళ నమూనాలు తయారుచేసేది గుణశేఖర్. కాగితం మీద కాదు, తాతల కాలం నాటి యూనిక్స్ కంప్యూటర్ మీద. ఆ ప్రోగ్రాం ఇంకే మెషీన్ మీదా నడవనని మొండికేసింది కాబట్టి దీన్నే పట్టుకుని వేలాడుతున్నాడు. ఈ పొద్దున అది ఉన్నట్టుండి పడిపోయింది. మళ్ళీ లేచేసరికి నమూనాలు ఒక్కటీ మిగల్లేదు. రేపు కొత్త గళ్ళు మగ్గాలకెక్కాలి. రంగులద్దిన నూలు పెట్టుకుని నేతగాళ్ళు కాచుకుని ఉన్నారు. పోగుల లెక్క మళ్ళీ మొదటి నుంచి కట్టాలంటే నెల పడుతుంది. రోజూ నకలు తీసే టేపు ఉందిలే అన్న ధైర్యంతోనే, కంప్యూటర్లు బాగుచేసే గోపినాథ్‌ను వేలూరు నుంచి పిలిపించాడు.

“లేకుండా యాడికి పోతుందప్పా? రోజూ దీపాలు పెట్టే వేళకు టేపు తిరిగేది ముందు గదిలో కూర్చుని నా చెవులారా వింటా ఉండా. టక్ టక్ అని ముందుకూ ఎనక్కూ.”

“ఈ టేపు డ్రైవ్‌కు సెట్టింగ్ ఎవరు చేసినారన్నా?”

“నేనే. నాయన పోయిన వారమే పాత డ్రైవ్ కాలిపోయింది. ఇది తెచ్చి పెట్టి, రోజూ సాయంత్రం దానంతట అదే నడిచేట్టు చేసినా.”

గోపినాథ్ తెర మీద ఒక వరుస చూపించాడు. “పాత డ్రైవ్ నంబరు సున్నా. దీని నంబరు ఒకటి. నువ్వు సున్నా అనే ఇడిచిపెట్టినావు. అట్లాంటి డ్రైవ్ లేదని యూనిక్స్ చెప్పదన్నా. ఆ పేరుతో కంప్యూటర్ లోపలి డిస్క్‌లోనే ఒక ఫైలు చేసి, రోజూ దాంట్లోనే పోస్తా పోతుంది. డిస్క్ గొంతు దాకా నిండింది, పడిపోయింది. లేచేటప్పుడు చెడిన ఫైళ్ళని అదే తుడిచేసింది. నీ నమూనాలూ పోయినాయి, ఆ ఫైలూ పోయింది.”

“మల్ల టేపు?”

“టేపు ఒక్కసారి కూడా తిరగలేదు.”

గుణశేఖర్‌కు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో చచ్చిపోయిన నాయన మీద కోపం కూడా కలిసింది. ఆ నాయన, మునిరాజ్, బతికినన్నాళ్ళూ ఈ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. “పెట్టెలో ఉండేది నమూనా కాదురా, నేసి దాచుకున్నదే నమూనా” అనేవాడు. ఎవరు కొత్త గళ్ళు తెచ్చినా తన మగ్గం మీద పాత పడుగు పోగులకు కొత్తవి ఓపిగ్గా అతికించి, జానెడు నేసి చూసేవాడు. నచ్చితే చివర ఒక పసుపు పోగు వేసేవాడు. ఆ పోగు పడిందంటే ఊళ్ళో ఇంకెవరూ వంక పెట్టరు. కొడుకు చేసిన గళ్ళకు మాత్రం అది ఒక్కనాడూ పడలేదు.

“నాయన ఉంటే ఇప్పుడు కడుపుబ్బ నవ్వుకునేవాడు” అన్నాడు గుణశేఖర్.

గోపినాథ్ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. వైర్లు పీకి, డ్రైవ్ బయటికి తీసి, నంబరు మార్చడానికి ఒళ్ళో పెట్టుకున్నాడు. బయట వెలుగు తగ్గింది. వీధిలో ఎవరో లైటు వేశారు.

టక్ టక్. టక్ టక్.

“ఇదో! తిరగతా ఉండాది కదప్పా!” అంటూ గుణశేఖర్ ఎగిరి లేచాడు. “తిరగలేదంటివే!”

గోపినాథ్ కదల్లేదు. డ్రైవ్ అతని ఒళ్ళోనే ఉంది. దాని వైరు నేల మీద పడి ఉంది.

ఇద్దరూ గోడవైపు చూశారు. చప్పుడు దాని అవతలి నుంచి వస్తోంది. అవతలిది మునిరాజ్ మగ్గం గది. ఆయన పోయిన రోజు వేసిన తాళం మళ్ళీ తీయలేదు.

అప్పుడే గుణశేఖర్ తల్లి రాజాంబాళ్ కాఫీ గ్లాసులతో లోపలికొచ్చింది. కొడుకును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“నువ్వు ఈడుండావా? మల్ల మగ్గం మీద ఎవురు?”

“నాకేం తెలుసమ్మా?”

“రోజూ ఈ పొద్దుకు నేసేది నువ్వే కదా అనుకుంటా ఉండా. నాయన మగ్గాన్ని బిడ్డ ఇడిచిపెట్టలేదని మురిసిపోతా ఉండానే!”

గుణశేఖర్ మేకుకున్న తాళంచెవి తీశాడు. తలుపు తెరవగానే చప్పుడు ఆగిపోయింది. గదిలో ఎవరూ లేరు. పేక పోగును అటూ ఇటూ మోసే నాడె మాత్రం జారుతూ వచ్చి, మగ్గం అంచున మెల్లగా నిలిచింది. గోపినాథ్ గడప దాటలేదు.

నేసిన గుడ్డ మగ్గం కర్రకు చుట్టి ఉంది. గుణశేఖర్ ఫోన్ లైటు వేసి దాన్ని విప్పాడు. జానెడుకొక నమూనా. ఒక్కొక్కటీ అయ్యాక పడుగు పోగులన్నీ కొత్త పోగులతో ముడిపడి ఉన్నాయి. బతికున్న మనిషికైతే ఒక్కో నమూనాకూ రెండు మూడు రోజులు పట్టే పని. పోయాయనుకున్న గళ్ళన్నీ అక్కడే ఉన్నాయి, అతను చేసిన వరుసలోనే ఉన్నాయి. ఏ ఒక్కదాని చివరా పసుపు పోగు లేదు. చచ్చినా నాయన నాయనే. గుణశేఖర్‌కు భయంలోనూ నవ్వొచ్చింది.

ఆఖరి జానెడు దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. అవి రేపు మగ్గాలకెక్కాల్సిన గళ్ళు. నిన్న ఒక్కడే కూర్చుని ముగించినవి, ఇంకా ఎవరికీ చూపించనివి.

వాటి చివర, నాడె నుంచి ఇంకా తెగకుండా, ఒక పసుపు పోగు ఉంది.