చప్పుడుకో చెక్కముక్క

"కనబడటం లేదు," అన్నాడు చెవుల ఆసుపత్రిలో పనిచేసే ప్రజీష్, కంప్యూటర్ తెర చూస్తూ.

సుహరా కుర్చీలోంచి లేచింది. "మిషను చచ్చిపోయిందా సారే?"

"మిషను బానే ఉంది ఇత్తా," అన్నాడు అక్కా అని పిలిచినట్టు. "కంప్యూటర్‌కి కనబడనిది ఈ పెట్టె."

వినికిడి మిషను సుహరా కూతురు నిహాల చెవి వెనక ఉంది. అక్కణ్ణుంచి ఒక తీగ నల్లపెట్టెకు, పెట్టె నుంచి యూఎస్‌బీ తీగ కంప్యూటర్‌కు. ఆరేళ్ల నిహాల వాళ్లకు వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చుంది. చేతిలో చెక్కముక్క, పక్కన ఇంకొన్ని, ముందు బకెట్టు. చప్పుడు వినబడినప్పుడల్లా ఒక ముక్క బకెట్లో వెయ్యాలి. ఈ గదిలో పరీక్షంటే అదే. పిల్ల ఆ ముక్కను చెంపకు ఆనించుకుని అరగంటగా కదలకుండా ఉంది.

ఆ చెవులకు ఏ చప్పుడూ అందక నాలుగు రోజులైంది. మిషను తడిసి, అందులో రాసిన ప్రోగ్రాం చెరిగిపోయింది. బియ్యం డబ్బాలో పెట్టి ఆరబెడితే దాని దీపం వెలిగింది గాని పిల్లకు మాట వినబడలేదు.

"ఎందుకు కనబడదు సారే?"

"దీనికి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లోనే నడుస్తుంది. ఆ పాత కంప్యూటర్ మొన్నటి వానల్లో పోయింది. అందుకని దాని సరంజామా అంతా ఈ కొత్తదాని లోపల పెట్టాను. కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్. లోపలిది మన నిహాల ఫైలు తెరిచి సిద్ధంగా ఉంది. పెట్టె దాని చేతికి దొరికితే చాలు, రాయాల్సింది అదే రాసేస్తుంది. కానీ తీగ గుచ్చగానే పెట్టెను బయటిది పట్టేసుకుంటోంది."

"కోడలికొచ్చిన హల్వా పొట్లం వాకిట్లోనే అత్త విప్పుకున్నట్టు!"

"అచ్చం అంతే," అని నవ్వాడు ప్రజీష్. తెర మీద ఒక జాబితా తెరిచాడు. "లోపలికి ఏది పంపాలో ఇక్కడ టిక్కు పెట్టాలి. అన్నీ అంకెలే, ఏది ఏదో తెలిసి చావట్లేదు. అన్నిటికీ పెట్టేస్తా."

పెట్టాడు. నొక్కాడు. మౌస్ కదిపితే తెర మీద బాణం కదల్లేదు. కీబోర్డు మీద కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. జాబితా తెరకు అడ్డంగా నిలబడిపోయింది.

"ఏమైంది?"

"మౌసూ కీబోర్డూ కూడా లోపలికి పంపేశానిత్తా."

"అయ్యో పడచ్చోనే, దేవుడా! తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నారా?"

"ఇంకో మౌస్ ఉందిలెండి." సొరుగులోంచి తీసి, వెనక తగిలించడానికి బల్ల కిందికి దూరాడు. "ఇక్కడన్నీ చిక్కుపడి ఉన్నాయి. కాస్త ఓపిక పట్టండి."

సుహరాకు ఓపిక ఎక్కడిది? కాళ్లు తప్ప కనబడని ఆ మనిషితో, గోడతో చెప్పుకున్నట్టు చెప్పుకుంది.

"మిషను దానంతటదే ఆగిపోయిందని ఇంట్లో చెప్పాను సారే. అబద్ధం. నేనే చంపాను. పిల్ల స్నానానికి ముందు తీసి డబ్బాలో పెట్టాల్సింది, దాని గౌను జేబులో పడేసినట్టున్నాను. ఆ గౌను తీసుకెళ్లి సబ్బునీళ్లలో నానేశాను. గంటసేపు!"

టక్.

"ఆ పొద్దున చేపల పులుసులో ఉప్పెక్కువైందని మా అత్త, దీని ఉమ్మామ, ఒకటే రాద్ధాంతం. ఆ కంగారులో నాకు మతి పోయింది. దీనికి 'ఉమ్మా' అని అమ్మను పిలవడం రావడానికి రెండేళ్లు పట్టింది సారే. వచ్చిన మాటలన్నీ పోతే? వెనకనుంచి బస్సు హారన్ కొడితే వినబడకపోతే?"

టక్.

"ఇత్తా," బల్ల కింద నుంచి ప్రజీష్ గొంతు. "కాసేపు మాట్లాడకండి."

సుహరా నోరు మూసుకుంది. విసుక్కున్నాడనుకుంది. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు ఏదో ఒకటి అనండి."

"ఏమనను సారే?"

టక్.

బకెట్లో ముక్క పడిన చప్పుడే అది. గబుక్కున లేవబోయిన ప్రజీష్ తల బల్లకు కొట్టుకుంది. రుద్దుకుంటూ బయటికొచ్చి, కొత్త మౌస్‌తో జాబితా మూశాడు. దాని వెనక లోపలి కంప్యూటర్ ఎప్పుడో పచ్చగా వెలుగుతోంది.

"మౌసుతో పాటు పెట్టె కూడా లోపలిదానికి అందేసింది ఇత్తా! రాసేయడం కూడా అయిపోయింది. అయిదు నిమిషాలైంది. ఈ జాబితా అడ్డొచ్చి మనమే చూళ్లేదు."

సుహరా కుర్చీలో కూలబడింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అంతలోనే ఒకటి తట్టింది. అయిదు నిమిషాలా? అంటే తను అన్నదంతా పిల్ల విందా?

"మోళే," అని కూతుర్ని మెల్లగా పిలిచింది.

నిహాల ఇటు తిరిగింది. చేతిలో ఉన్న చెక్కముక్కను బకెట్లో వేసి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ అంది:

"జేబులో పెట్టింది నువ్వు కాదుమ్మా, నేను. ఉమ్మామ నిన్ను తిడుతుంటే వినలేక తీసేశా."