ముక్కు పరీక్ష

"అరగంటలో యజమానిగారు వస్తున్నారు. ఐదు కప్పులు పెడతారట. అందులో ఒకటి బూజు పట్టిన సరుకట. అదేదో నువ్వు వాసన చూసి చెప్పాలట," అంది టీ కాచే అక్క, గది తలుపు దగ్గరగా వేస్తూ.

టేస్టర్ గుండెల్లో రాయి పడింది. మూడు రోజులుగా వైరల్ జ్వరం. ముక్కు రెండువైపులా బిరడా కొట్టినట్టు మూసుకుపోయింది. ఆ కంపెనీ నుంచి ఏ టీపొడి బయటికి వెళ్ళాలన్నా అతను వాసన చూసి సంతకం పెట్టాల్సిందే. సెలవు పెడితే ఆ కుర్చీలో మేనేజర్ బామ్మర్ది కూర్చుంటాడు. ఒకసారి కూర్చున్నవాడు మళ్ళీ లేస్తాడా? అందుకే మాత్ర మింగి, కప్పు రంగు చూసి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు సంతకాలు పెట్టేస్తున్నాడు.

"ఏ కప్పో నీకు తెలుస్తుందిగా అక్కా?"

"పొట్లాలు ఆయనే తెస్తారు, ఆయనే కాస్తారు. నన్ను బయట ఉండమన్నారు."

"అయితే నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే."

"ముందు ముక్కులో వదులు. మొన్న మా చిన్నదానికి ఇలాగే ఉంటే డాక్టరుగారు ఉప్పునీళ్ళతో కడగమన్నారు. జబ్బు పోదుగానీ దారి ఖాళీ అవుతుంది."

ఆ గదిలో దేనికీ కొరత లేదు. కెటిల్‌లో మరిగిన నీళ్ళున్నాయి. పొడి తూచే బుల్లి త్రాసుంది. కొమ్మున్న పింగాణీ టీపాట్లు వరసగా ఉన్నాయి. అక్క తన క్యారేజీలోని ఉప్పు రెండు గ్రాములు తూచి, పావు లీటరు నీళ్ళలో కలిపి, రెండు పాత్రల మధ్య గబగబా తిరగబోసి గోరువెచ్చగా చేసి, ఒక టీపాట్‌లో నింపి దాని కొమ్ము అతని ముక్కుకి ఆనించింది.

"తల పక్కకి వంచు. నోటితో ఊపిరి తీసుకో. ముక్కుతో పీల్చావంటే అంతే సంగతులు."

మొదటిసారి పోసిన నీళ్ళు పోసినట్టే చొక్కా మీద పడ్డాయి. కళ్ళు మండిపోయాయి.

"నా వల్ల కాదక్కా."

"ఆయన ముందు ఆ మాట చెప్తావా మరి?"

మళ్ళీ వంగాడు. బయట కారు ఆగిన చప్పుడైంది. అప్పుడు లోపలెక్కడో గుడగుడమని, ముక్కు రెండో రంధ్రంలోంచి నీళ్ళు ధారగా వచ్చాయి. అవతలి వైపు కూడా కడిగి, మెల్లగా చీదాడు. గదిలోని టీ వాసన, అక్క చేతి సబ్బు వాసన ఒక్కసారిగా తెలిశాయి. సంతోషంతో అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

యజమాని వచ్చి అక్కను బయటికి పంపారు. ఐదు కప్పులూ తన చేత్తోనే కాచి పోశారు. ఆ తర్వాత అతన్ని ఎగాదిగా చూశారు.

"కళ్ళెర్రగా ఉన్నాయేం? ఒంట్లో బాగుంటోందా?"

"గుండ్రాయిలా ఉన్నానండీ."

"ఈ మూడు రోజుల్లో జలుబూ గిలుబూ ఏమన్నా చేసిందా? చెప్పు, పర్లేదు."

"ఒక్క తుమ్ము కూడా రాలేదండీ."

"సరే, కానివ్వు," అన్నారాయన నీరసంగా.

మొదటి కప్పు బాగుంది. రెండోదీ బాగుంది. మూడోదాని మీదికి వంగగానే లోపల మిగిలిన ఉప్పునీళ్ళు జారబోయాయి. చటుక్కున రుమాలు అడ్డం పెట్టి, చెమట తుడుచుకున్నట్టు నటించాడు. యజమాని చూశారో లేదో తెలియలేదు.

నాలుగో కప్పు దగ్గర ఆగిపోయాడు. ఐదోది చూసి, మళ్ళీ నాలుగోదానికే వచ్చాడు.

"ఇదేనండీ. తడిసిన గోనెసంచి కంపు. ఈ మాత్రం చిన్నపిల్లాడైనా పట్టేస్తాడు," అన్నాడు గర్వంగా. పోయిందనుకున్న ఉద్యోగం మళ్ళీ చేతికొచ్చినట్టనిపించింది.

యజమాని కుర్చీలో కూలబడ్డారు.

"ఇది మొన్న నువ్వు సంతకం పెట్టి పంపిన సరుకే. కొట్లవాళ్ళంతా తిప్పి పంపారు. నువ్వు లంచం తిన్నావని మేనేజర్ అంటే నేను నమ్మలేదు. పాపం, జలుబు చేసి వాసన తెలియలేదేమో, నాలుగు రోజులు సెలవిచ్చి ఇంటికి పంపుదామనుకుని వచ్చాను," అన్నారు. "ఇప్పుడు చెప్పు, ఎంత తిన్నావు?"