నీళ్ళు మార్చే మనిషి

లంగరేసి ఉన్న ఎర్రరంగు షిప్పు పొద్దున్నే రేవు వైపు కదిలింది. పడవలోంచి అది చూడగానే గంగరాజు వల లాగే పని మిగతావాళ్ళకి వదిలేసి రెండు నీలం డబ్బాలు అందుకున్నాడు.

షిప్పు లోపలికి వస్తే వీరేంద్రకి డ్యూటీ. చీకటి పడేదాకా పోర్టు వదిలి రాలేడు. ఇంట్లో దేవి ఒక్కతే ఉంటుంది.

డబ్బాలు ముంచి నింపాడు. ఒడ్డు దగ్గరి నీళ్ళు పనికిరావు, మురుగు కలుస్తుంది. దేవి ఇంట్లో గాజుతొట్టి మంచమంత ఉంటుంది. అందులోవి సముద్రపు చేపలు. వారం వారం కాస్త పాతనీరు తీసి కొత్తనీరు పొయ్యకపోతే చచ్చి తేలతాయి. ఆ తొట్టి ఉండబట్టే ఆ ఇంటికి వెళ్ళడానికి అతనికో సాకు దొరికింది.

ఇంటికొచ్చి సబ్బుతో ఒళ్ళు తోముకున్నాడు. తుడుచుకున్నాక చేతులు వాసన చూసుకుని మళ్ళీ తోముకున్నాడు. తను వచ్చి వెళ్ళిన వాసన ఆ ఇంట్లో మిగిలితే వీరేంద్ర పసిగట్టేస్తాడు. మెడకి పౌడరు రాసుకుంటుంటే పోతమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

“ఏటి, మళ్ళీ పెళ్ళికొడుకువైపోతన్నావా? ఎవుర్తది?”

నీళ్ళడిగినవాళ్ళున్నారు, ఇచ్చి వస్తానన్నాడు. పెళ్ళాం మొహం చూడలేకపోయాడు. ఇంత కాపురంలో ఆమె దగ్గర దాచింది ఇదొక్కటే. చెబితే ఊరుకోదు. కొంగు బిగించి తనూ బయల్దేరుతుంది. అప్పుడిక దాగేది కాదు.

ఆటోని వీధి చివరే ఆపించాడు. లిఫ్టు ఎక్కలేదు. డబ్బాలు మోసుకుంటూ వెనక మెట్ల మీద నుంచి మూడో అంతస్తుకి వెళ్ళాడు. చెప్పులు గుమ్మం ముందు విడవకుండా సంచిలో పెట్టుకున్నాడు. ఇంత చేసినా ఎదురింటి సుధారాణి చూడనే చూసింది.

“మీ ఆయన లేన్రోజే సేపలకి నీళ్ళు మారతాయేటి దేవీ?” అంది నవ్వుతూ.

దేవి నవ్వలేదు. అతన్ని లోపలికి రానిచ్చి తలుపు వేసేసింది. గంగరాజుకి చెవులు వేడెక్కాయి. జీవితంలో ఒకరి వస్తువు ముట్టనివాడు, దొంగలా మెట్లెక్కుతున్నాడు.

రబ్బరు గొట్టం ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట పెట్టి పీల్చి బకెట్లోకి వదిలాడు. ఇసుకలో దిగిన మడ్డి నీటితోబాటు లేచి గొట్టంలోకి పోతోంది. పసుపు చారల చేపలు ఓ మూలకి ఒదిగి అతన్నే చూస్తున్నాయి. అతను కళ్ళు బకెట్ వైపు తిప్పుకున్నాడు.

చాలినంత తీశాక కొత్తనీటి డబ్బాని స్టూలు మీదకెక్కించి సన్నగొట్టం తగిలించాడు. ఒక్కసారిగా గుమ్మరిస్తే చేపలు బెదురుతాయి.

ఈలోగా దేవి గదిలోంచి పిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది. గంగరాజు మళ్ళీ సబ్బుతో చేతులు కడుక్కుని అందుకున్నాడు. ఆ ముక్కు అచ్చం అతని ముక్కే. ఓసారి దేవి ఆ మాట పైకి అంది. అతను గబుక్కున తలుపు వంక చూశాడు.

“నీ దగ్గర నవ్వినట్టు వీడు ఆయన దగ్గర కూడా నవ్వడు,” అంది దేవి. “ఎన్నాళ్ళిలాగ? నాను సెప్పేత్తాను.”

“వద్దు. ఆ మనిషి నా గడప తొక్కితే నువ్వు పుట్టింటికి పోవడమే అన్నాడు కదా. అన్నంత పనీ సేత్తాడు. నా మూలాన నీ కాపురం పోతే నాను బతకలేను.”

ఇదే ఆఖరుసారి అన్నాడు. కిందటిసారీ అదే అన్నాడు.

డబ్బా సగం ఖాళీ అయ్యేసరికి తలుపు తాళం తిరిగింది.

గాలి పెరిగిందని షిప్పుని మధ్యలోనే ఆపేశారట. పని లేకపోవడంతో వీరేంద్ర తన ఆఫీసరు గుణశేఖర్‌ని భోజనానికి వెంటబెట్టుకొచ్చాడు. చేపలు చూద్దురుగాని రండని ఎన్నాళ్ళుగానో పిలుస్తున్నాడు.

గుమ్మంలోనే ఆగిపోయాడు వీరేంద్ర. ఎదురుగా గంగరాజు, చంకలో పిల్లాడు. దేవి గోడకి అంటుకుపోయింది.

“ఎవరీయన?” అని అడిగాడు గుణశేఖర్.

కోపం వస్తుందనుకున్న వీరేంద్ర మొహంలో కోపం లేదు. భయం ఉంది. ఏం వినాల్సి వస్తుందోనని ఆఫీసరు వంకా గంగరాజు వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

ఆ చూపు చూశాక గంగరాజుకి ఏం చెయ్యాలో తెలిసింది. పిల్లాణ్ణి దేవి చేతికిచ్చాడు. ఆమె ఏదో అనబోతే కళ్ళతోనే వద్దన్నాడు.

“అక్వేరియం నీళ్ళు మార్చీవోణ్ణి సార్,” అన్నాడు ఆఫీసరుతో. “అమ్మగారు వంటింట్లో ఉంటే బాబు ఏడుత్తన్నాడని ఎత్తుకున్నాను.”

గుణశేఖర్ తల ఊపి తొట్టి దగ్గరికి నడిచాడు. నీళ్ళు భలే తేటగా ఉన్నాయన్నాడు.

వీరేంద్ర గట్టిగా ఊపిరి వదిలాడు. తల దించుకున్నాడు.

“పనైపోతే వెళ్ళు,” అన్నాడు నేల చూస్తూ.

“అలాగేనండి” అని, గొట్టం పీకేసి డబ్బాలు రెండూ చేతికి తగిలించుకుని, గంగరాజు తన కన్నకొడుకు వీరేంద్రకి దారి వదిలి గోడవారగా జరిగాడు.