ఏటి అవతలి గిజిగాడు

ఏరు దాటి తుమ్మచెట్టు మీద వాలేసరికి ఆ కుర్ర గిజిగాడి దగ్గర ఉన్నవి నాలుగు గడ్డిపోచలు. ఆరు రోజుల్లో వాటిని మూడు వందలు చేసి, సగం గూడు అల్లేశాడు. గాలికి ఊగకుండా లోపల తడిమట్టి అద్దాడు. ఏటి అవతల అందరూ అలాగే చేస్తారు. ఇక్కడివాళ్లకు మాత్రం అది నవ్వులాటయింది.

"ఒరే బురదమూతీ, తిన్నావా?" అనేవాడు పక్క కొమ్మ మీది వీరన్న మామ. పురుగు దొరికితే సగం వాడికే పెట్టేవాడు. ఆ పిలుపు మాత్రం మానేవాడు కాదు. రోజుకు ఎన్నిసార్లో కుర్రవాడు లెక్కపెట్టుకునేవాడు. నిన్న పంతొమ్మిది.

గిజిగాడు సగం గూడు అల్లి ఆగాలి. ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చిందంటేనే మిగతా సగం. ఆ ఉదయం ఒకామె వచ్చింది. పోచలు లాగి చూసింది. మట్టిని ముక్కుతో పొడిచి చూసింది.

"గట్టిగా ఉంది. నీ పేరేంటి?"

"బురదమూతి, అమ్మాయ్! ఏటి అవతలి సరుకు. అయినా మంచోడే," అన్నాడు వీరన్న.

"నేను ఇతన్ని అడిగాను మామయ్యా."

ఈ చెట్టు మీద ఆ ప్రశ్న వినడం వాడికి ఇదే మొదటిసారి.

"చినుకు."

"చినుకూ, మిగతాది అల్లు. నేనిక్కడే ఉంటాను."

వీరన్న తల దించుకున్నాడు. "ప్రేమగానే పిలిచానురా..."

"తెలుసు మామా. అయినా నొప్పిగానే ఉండేది."

ఇంకా మూడు వందల పోచలు కావాలి. చినుకు రెక్కలు విప్పి, కొమ్మ చివర ఆగాడు.

"ఒక్కసారి పేరు పెట్టి పిలువు మామా. గడ్డికి బయల్దేరతాను."