పంజరం తెచ్చిన మనిషి

ఇల్లంతా వెతికాక, భర్తకు పెనం చెత్తబుట్టలో కనిపించింది.

నాన్‌స్టిక్ పెనం మాడితే ఆ పొగకే చిలుకల ప్రాణం పోతుందని ఆమె ఎక్కడో చదివింది. చదివిన మరుక్షణమే దానికి ఈ ఇంట్లో నూకలు చెల్లిపోయాయి.

"పిల్ల ఇంకా రానేలేదు, అప్పుడే నా ఆమ్లెట్ పోయింది," అన్నాడు భర్త.

అతని సెంటు సీసా, దోమల మందు అంతకు ముందే వెళ్ళిపోయాయి. వైర్లకు గొట్టాలు తొడిగింది. ఫ్యాను స్విచ్చి మీద అట్టముక్క అంటించింది. కారు నడపడం నేర్పడం ఆమె వృత్తి. పక్క సీట్లో కూర్చుని, ఎదుటివాళ్ళు చేయబోయే తప్పును ముందే పసిగట్టి బ్రేకు తొక్కడం ఆమెకు అలవాటు. ఇంట్లోనూ అదే పద్ధతి.

వాళ్ళకు ఇదే మొదటి ఆఫ్రికన్ గ్రే చిలుక పిల్ల. పక్షులు పెంచే పెద్దాయన దగ్గర పేరు రాయించి, తమ వంతు కోసం చాలాకాలంగా కాచుకుని ఉన్నారు. ఉన్నట్టుండి ఒక పిల్ల ఉందని ఆయన ఫోన్ చేశాడు. చేస్తూనే ఒక మెలిక పెట్టాడు. ముందు తన తరఫున ఒకరు వచ్చి ఇల్లు చూస్తారట. వాళ్ళకు నచ్చితేనే పిల్ల. లేదంటే మరో ఇంటికి.

అప్పటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. వచ్చేది ఏ పశువుల డాక్టరో అయి ఉంటాడని, మంచి కుర్చీ ఒకటి తుడిచి సిద్ధంగా ఉంచింది.

ముందు పంజరం వచ్చింది. దాన్ని పట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో ఒక బక్కపలచని మనిషి. పెద్దాయన పంపారని, బిగించి వెళ్తానని చెప్పాడు.

ఆమె అతన్ని కూర్చోనివ్వలేదు. పంజరాన్ని కిటికీ పక్కన పెట్టించింది. ఎండ పడుతుందని గోడ వైపు జరిపించింది. అక్కడ తలుపు తగులుతుందని మళ్ళీ మూలకు తోయించింది. అతను ప్రతిసారీ ఆగి ఊపిరి తీసుకున్నాడు.

కాస్త నిదానించమని భర్త సైగ చేశాడు. ఇల్లు చూడటానికి ఏ క్షణాన ఎవరొస్తారో తెలియదని, ఈలోగా పని అయిపోవాలని ఆమె గట్టిగానే చెప్పింది.

"త్వరగానే కానిస్తానమ్మా," అన్నాడతను.

పంజరం అంగట్లో దొరికే రకంగా లేదు. ఊచల చివరలన్నీ నున్నగా అరగదీసి ఉన్నాయి. కూర్చోవడానికి పెట్టిన కొమ్మలు ఒక్కోటి ఒక్కో లావున, బెరడుతోనే ఉన్నాయి. మంచి పనివాడే అనుకుంది.

పని అయిపోయినా అతను కదల్లేదు. పగలు ఇంట్లో ఎవరుంటారని అడిగాడు. వంటింట్లోకి తొంగిచూశాడు. ఆ తర్వాత, "మీకెన్నేళ్ళమ్మా?" అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. గొడవెందుకని భర్తే జవాబిచ్చాడు, ముప్పై దాటాయని.

"ఇవి యాభై ఏళ్ళు కూడా బతుకుతాయి. మీరు ఉంటారులెండి," అన్నాడు ఆ మనిషి.

ఇదేం మాటతీరో ఆమెకు అర్థం కాలేదు. ఎప్పుడు వెళ్తాడా అని తలుపు తీసి పట్టుకుంది.

గడప దగ్గర అతను ఆగాడు.

"పిల్ల వచ్చాక ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళొచ్చా అమ్మా?"

ఆమె బ్రేకు తొక్కింది.

"కుదరదండీ. దానికి ఇల్లు అలవాటయ్యేదాకా బయటివాళ్ళెవరూ రాకూడదు. మా అమ్మనే రావద్దన్నాను."

ఒక్క నిమిషమే కదా అని భర్త నసిగాడు. ఆమె ససేమిరా అంది.

అతను ఆమెను కాసేపు చూశాడు. ముఖంలో కోపం లేదు సరికదా, మనసు కుదుటపడినట్టే ఉంది. "మంచిదమ్మా," అన్నాడు.

పోతూ పోతూ పంజరం సామాను తెచ్చిన అట్టపెట్టెలు కింద పడేయమని ఆమె పురమాయించింది. అతను వాటిని చంకన పెట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగిపోయాడు.

ఇల్లు చూసేవాళ్ళు మాత్రం ఎంతకీ రాలేదు. ఆమె రోజూ కుర్చీ తుడుస్తూనే ఉంది. ఇక ఆశ వదులుకుంటున్న సమయంలో, వచ్చి పిల్లను తీసుకెళ్ళమని పెద్దాయన కబురు చేశాడు.

పెద్దాయన ఇంట్లో, తువాలులో చుట్టిన బూడిదరంగు పిల్ల, నల్లటి కళ్ళతో ఆమెను ఎగాదిగా చూసి, బొటనవేలిని ముక్కుతో పట్టి పరీక్షించింది. ఆమెకు కళ్ళు చెమర్చాయి. కాసేపటికి గానీ సంగతి గుర్తు రాలేదు.

"మా ఇల్లు చూడటానికి ఎవరూ రాలేదే?"

"వచ్చారు కదమ్మా. పంజరం తెచ్చింది ఆయనేగా," అన్నాడు పెద్దాయన.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. మూడుసార్లు పంజరం మోయించినది, అట్టపెట్టెలు మోయించినది, అన్నీ చెప్పేసుకుంది. పిల్లను చూడటానికి కూడా రావద్దన్నానని చివర్లో చెప్పింది.

"ఆ మాటే ఆయనకు నచ్చింది. బయటివాళ్ళను గడప తొక్కనివ్వదు, పిల్ల ఆవిడ దగ్గరే ఉండాలన్నారు."

ఈ సాయంత్రమే ఆయన్ను రమ్మనమని, ఎంతసేపైనా కూర్చోవచ్చని ఆమె గబగబా అంది.

పెద్దాయన తువాలు అంచు సర్దాడు. "ఆయన మొన్న పోయారమ్మా," అన్నాడు.

మీ చుట్టమా అని భర్త అడిగాడు.

"చుట్టం కాదు బాబూ. ఇక ఎన్నాళ్ళో బతకరని డాక్టరు చెప్పాక, దీనికి ఇల్లు తనే చూస్తానని పట్టుబట్టారు. ఇది గుడ్డులో ఉన్నప్పుడే తనకే కావాలని చెప్పిపెట్టుకుని, ఆ పంజరం తనింటి కోసం చేసుకున్నది ఆయనే."