చప్పుడు లేని కాపురం

“ఇరవై రోజుల్నుంచి చూస్తన్నా. మీ ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకంట?”

ఇంటామె హన్నమ్మ గుమ్మానికి అడ్డంగా చతికిలబడి అడిగింది. జవాబు రానిదే లేచేలా లేదు. ఆ రోజు బడికి సెలవు కాబట్టి తప్పించుకుపోయే దారి కూడా లేదు. లోపల అద్దెకున్న టీచర్లు, కొత్త జంట రత్నకుమారి, సుందరరావు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అదేం లేదు పెద్దమ్మా, బాగానే ఉన్నాం” అంది రత్నకుమారి.

“బాగుంటే సడీ చప్పుడూ ఉండబళ్ళా? నువ్వు బువ్వ పెడతావు, ఆ పిల్లోడు తింటాడు. గిన్నెల చప్పుడే గానీ మడుసుల చప్పుడు లేదు. ఇయ్యాలే రెంటచింతల బస్సెక్కి మీ నాయనతో చెప్తా. ఆడపిల్ల కుమిలిపోతంటే చూస్తా ఊరుకునేదాన్ని కాదు నేను.”

రత్నకుమారి గబుక్కున గుమ్మం దగ్గరికొచ్చింది. కాలేజీలో కుదుర్చుకున్న ఈ పెళ్ళికి నాన్న ఒప్పుకున్నదే అరమనసుతో. “నెల తిరక్కముందే పెట్టె సర్దుకుని వస్తావు, చూస్తాగా” అని దీవించి మరీ పంపించాడు. ఈ కబురు చెవిన పడితే సాయంత్రం బస్సుకే వచ్చి, ఆ పెట్టె తనే ఎత్తుకుంటాడు.

నిజానికి తప్పు వాళ్ళది కాదు, గోడది. సాగర్ డ్యాం కడుతున్న ఆ రోజుల్లో మాచర్లలో అద్దెకు ఇల్లు దొరకడమే గగనం. ఈ టీచర్లిద్దరికీ దొరికిన వాటాలో, ఇంటివాళ్ళకూ వీళ్ళకూ మధ్య అడ్డగోడ మనిషెత్తు లేచి అక్కడితో ఆగిపోయింది. గోడలకు చెవులుంటాయంటారు. సగం గోడకైతే అవతల మనిషే ఉంటుంది. ఇటు తుమ్మితే అటు నుంచి “నూరేళ్ళు” అని వినపడేది. ఇక హన్నమ్మ మాటైతే గోడేం ఖర్మ, వీధే దాటేది. ఆమె పెనిమిటి దానయ్యకు నాపరాళ్ళ క్వారీలో తూటాలు పేల్చి పేల్చి చెవులు పోయాయి. ఆమె మొగుణ్ణి “పులుసు పొయ్యనా” అని అడిగితే, వీధి చివర బీడీలు చుట్టుకునే ఫరీద్ “పొయ్యి పెద్దమ్మా” అనేవాడు. అలాంటి ఇంట్లో కొత్తగా పెళ్ళయినవాళ్ళు నోరు విప్పి ఏం మాట్లాడుకుంటారు?

చెప్పేద్దామా అన్నట్టు సుందరరావు చూశాడు. రత్నకుమారి తలూపి, మంచం కింద నుంచి పలక తీసింది.

“ఇదేంది?” అంది హన్నమ్మ.

“మా మాటలన్నీ దీనిమీదే పెద్దమ్మా. ఆయనొకటి రాస్తారు, నేనొకటి రాస్తాను.”

హన్నమ్మ పలకను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. “ఏం రాసుండాది? చదువు” అంది.

సుందరరావు తువ్వాలుతో తుడిచేయబోయాడు. హన్నమ్మ పలకను వెనక్కి లాక్కుంది.

“తుడిచావంటే ఇప్పుడే బస్సెక్కుతా. చదువమ్మాయ్.”

రత్నకుమారికి చెవులదాకా వేడెక్కింది. చదవక తప్పింది కాదు.

“నిన్న పప్పు మాడింది. అయినా మూడుసార్లు పెట్టించుకున్నాను, ఎందుకో చెప్పుకో... అని ఆయన రాశారు.”

“నువ్వేం రాసినావు?”

“ఆకలి, అని.”

“మళ్ళా?”

“కాదు, నువ్వు వడ్డిస్తుంటే గాజులు మోగుతాయి. అది వినడానికి... అని.”

సుందరరావు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. హన్నమ్మ నవ్వుతుందనుకున్నారు. ఆమె నవ్వలేదు, ఆ గీతలవైపే చాలాసేపు చూసింది. తర్వాత పలకను జాగ్రత్తగా మంచం మీద పెట్టి లేచింది.

“నోరుండగా ఇదేం కాపరమో” అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

అరగంట గడిచిందో లేదో, ఆమె ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని వీధిలోకి దిగింది. అరుగు మీద కళ్ళజోడు పెట్టుకుని బైబిలు చదువుకుంటున్న దానయ్య తలెత్తి “యాడికే?” అన్నాడు. ఎప్పుడూ వీధి అదిరేలా జవాబిచ్చే మనిషి, ఉత్తి చెయ్యి ఊపి బస్టాండు దారి పట్టింది.

“అయిపోయింది. నాన్నకు చెప్పేస్తుంది” అంది రత్నకుమారి. ఆ ఇంట్లో వాళ్ళు గొంతెత్తి మాట్లాడుకోవడం అదే మొదలు. “పలక మీద రాసుకుంటున్నామంటే నమ్ముతాడా? ఇద్దరికీ పిచ్చి పట్టిందంటాడు.”

“రానీ. నీ పెట్టె మీద ఎక్కి కూర్చుంటాను. మోసుకుపోతే ఇద్దర్నీ మోసుకుపోతాడు” అన్నాడు సుందరరావు.

ఆమెకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మధ్యాహ్నం వండిన అన్నం ఇద్దరికీ సహించలేదు. బస్సు హారన్ వినపడ్డప్పుడల్లా రత్నకుమారి గుమ్మంలోకి వచ్చి వీధి చివరిదాకా చూసింది.

పొద్దు వాలుతుండగా హన్నమ్మ వచ్చింది. వెనక ఎవరూ లేరు.

“నాన్నేడి పెద్దమ్మా?”

“మీ నాయనతో నాకేం పని? గురజాల పోయొచ్చా. మన బజార్లో అన్నీ పిల్లకాయలయ్యే ఉండయ్.”

హన్నమ్మ అరుగువైపు ఓసారి చూసి, లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. సంచీలోంచి ఇంత పెద్ద కొత్త పలక, నాలుగు బలపాలు తీసి రత్నకుమారి చేతిలో పెట్టింది.

“నాకు అచ్చరాలు నేర్పమ్మాయ్” అంది, గొంతు బాగా తగ్గించి. “ఊరు వినకుండా ఆయనతో ఒక్క మాట చెప్పుకోక తొమ్మిదేళ్ళాయె.”