పక్కింటి వాషింగ్ మిషన్

మా అపార్ట్‌మెంట్లో గోడలు మరీ పల్చన. అందుకే పోట్లాట మొదలైతే ముందు ఖాళీ వాషింగ్ మిషన్ ఆన్ చేస్తాం. ఆ రొదలో మా మాటలు పక్కింటికి పోవు.

ఈ ఆదివారమూ అంతే.

"పక్కింటివాళ్లని చూసి నేర్చుకో. ఏనాడైనా ఆ ఇంట్లో గొంతు లేచిందా?" అన్నాను.

"ఆవిడకి నోరెత్తే తీరికేదీ? పొద్దస్తమానం బట్టలుతకడమేగా," అంది మా ఆవిడ.

కరెంటు పోయింది. మా మిషన్ ఆగింది. గోడవతల వాళ్లదీ ఆగింది.

"ఇంక కొట్టకండి, మీకు దణ్ణం పెడతాను," అంటోంది పక్కింటావిడ.

పరుగున వెళ్లి వాళ్ల తలుపు తట్టాను.

"ఏం లేదండీ, కరెంటు పోయిందంతే," అన్నాడతను, తలుపు తీయకుండానే.

నేను ఇంట్లోకి వచ్చేసరికి కరెంటు వచ్చింది. మా ఆవిడ మా మిషన్ ఆపేసి గోడకి చెవి ఆనించింది.

అవతల మిషన్ తిరుగుతోంది. ఖాళీ మిషన్ చప్పుడు మాకు తెలుసు.